కరెంటు బిల్లు సున్నా అయితే సరిపోదు

సున్నా ఉద్గారాల ఇల్లు అనగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది డాబా మీద సోలార్ పలకలు. పలకలు బిగించాం, బిల్లు తగ్గింది, ఇక మాది గ్రీన్ హౌస్ అని చెప్పుకునేవాళ్లు నాకు తెలిసే చాలామంది ఉన్నారు. కానీ పలకల దాకా వచ్చేసరికి అసలు కథ సగానికి పైగా అయిపోయి ఉంటుంది. పునాది తవ్విన రోజు నుంచి స్లాబ్ సెంట్రింగ్ విప్పేదాకా ఎంత సిమెంటు పోశాం, ఎంత ఇనుము వేశాం, ఏ గోడ ఎండకి పెట్టాం అన్నదానిమీదే మిగతాదంతా ఆధారపడుతుంది.

ఖమ్మం నుంచి రిటైరైన ఒక మాస్టారు రాసిన ఉత్తరం చూశాక ఈ వారం ఇదే రాయాలనిపించింది. ఆయనకి 200 గజాల స్థలం ఉంది. ముప్పై అడుగుల వెడల్పు, అరవై అడుగుల పొడవు, పడమర రోడ్డు. అందులో తండ్రిగారు కట్టిన పెంకుటిల్లు. దాన్ని తీసేసి కిందా పైనా కలిపి 1,500 చదరపు అడుగుల ఇల్లు కట్టాలనుకుంటున్నారు. చేతిలో ఉన్నది రిటైర్మెంట్ డబ్బు, అప్పు చేసే ఉద్దేశం లేదు. ఇంట్లో 84 ఏళ్ల అమ్మగారు ఉన్నారు. పోయిన వేసవిలో ఆవిడకి వడదెబ్బ తగిలి ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చిందట. ‘మా అమ్మ చల్లగా పడుకునే గది ఒకటి కావాలి, దానికోసం పొగ పెంచే ఇల్లు కట్టడం నాకిష్టం లేదు, రెండూ కుదురుతాయా?’ అని అడిగారు.

కుదురుతాయి మాస్టారూ. కాకపోతే ముందు లెక్క చూద్దాం.

మామూలుగా మన దగ్గర ఫ్రేమ్ కట్టి కట్టే ఇంటికి చదరపు అడుగుకి 0.4 బస్తా సిమెంటు, నాలుగు కిలోల దాకా ఇనుము పడుతుంది. మీ 1,500 అడుగులకి 600 బస్తాలు, అంటే 30 టన్నుల సిమెంటు. ఇనుము ఆరు టన్నులు. సున్నపురాయిని కాల్చి క్లింకర్ చేసేటప్పుడు రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ బయటికొస్తుంది, కొలిమిలో బొగ్గు పొగ దానికి అదనం. అందుకే టన్ను మామూలు ఓపీసీ సిమెంటుకి దాదాపు 0.85 టన్ను పడుతుంది. మన దేశంలో టన్ను ఉక్కుకి రెండున్నర టన్నులు. రెండూ కలిపితే 40 టన్నులు. ఇటుకలు, టైల్స్, లారీలు ఇంకా కలపలేదు.

ఇప్పుడు కరెంటు సంగతి. నెలకి 300 యూనిట్లు కాల్చే ఇల్లనుకుందాం. మన గ్రిడ్‌లో ఇప్పటికీ బొగ్గుదే పెద్ద వాటా కాబట్టి యూనిట్‌కి సుమారు 0.7 కిలో కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. ఏడాదికి రెండున్నర టన్నులు. అంటే గృహప్రవేశం రోజున పాలు పొంగించే సమయానికే మీరు పదహారేళ్ల కరెంటుకి సరిపడా పొగ వదిలేసి ఉంటారు. తర్వాత సోలార్ పెట్టి వాడుకున్నంతా పుట్టించుకున్నా, ఆ పాత బాకీ అలాగే ఉంటుంది. సున్నా అని బోర్డు పెట్టుకునే చాలా ఇళ్లు ఈ బాకీని లెక్కలోకి తీసుకోవు.

పెంకుటిల్లు పారేసే సరుకు కాదు

కాబట్టి మొదటి ప్రశ్న: పాతిల్లు నిజంగా కూల్చాల్సిందేనా? గోడలు బాగుండి, దూలాలకి చెద పట్టకపోతే ముందుభాగం ఉంచి వెనక కొత్త గదులు కలపడం అన్నిటికన్నా తక్కువ పొగ, తక్కువ ఖర్చు. కూల్చకుండా మిగిలిన ఒక్కో గోడా కొత్తగా కొనక్కర్లేని గోడే. ఒకసారి ఇంజినీర్‌ని పిలిచి చూపించండి. ‘కూల్చేయండి సార్, తలనొప్పి ఉండదు’ అని కాంట్రాక్టర్ అంటాడు. అతనికి పనికొచ్చే సలహా అది.

తీయక తప్పదంటే జేసీబీ పెట్టొద్దు. మనుషుల్ని పెట్టి విప్పించండి. టేకు దూలాలు, వాసాలు, గుమ్మాలు, తలుపులు చిత్రిక పట్టిస్తే కొత్తింట్లో అన్ని ద్వారబంధాలకీ సరిపోవచ్చు. ఇటుకలు సున్నంతో కట్టినవైతే సుత్తితో తట్టగానే శుభ్రంగా ఊడొస్తాయి. సిమెంటుతో కట్టినవి అంత తేలిగ్గా రావు. కింద పరిచిన నాపరాళ్లు వరండాకి చాలు.

ఇక పెంకులు. మంగళూరు పెంకులైతే వాటికి మంచి ఉపయోగం ఉంది, ఫిల్లర్ స్లాబ్. స్లాబ్ అడుగుభాగంలో ఉండే కాంక్రీటు పెద్దగా బరువు మోయదు, అక్కడ లాగుడుని తట్టుకునేది ఇనుమే. ఆ చోట కాంక్రీటుకి బదులు ఊచల మధ్య గళ్లలో రెండేసి పెంకులు ఒకదానిమీద ఒకటి బోర్లించి పోస్తారు. కాంక్రీటు అయిదో వంతు దాకా తగ్గుతుంది, పెంకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని కొంత ఆపుతుంది. తిరువనంతపురంలో స్థిరపడిన లారీ బేకర్ ఈ పద్ధతిని కేరళ అంతా వాడి చూపించారు. అయితే ఇది పని తెలిసిన మేస్త్రీతో, ఇంజినీర్ గీసిన డ్రాయింగ్ ప్రకారమే చేయాలి. పెంకులు ఒకరాత్రి నీళ్లలో నానబెట్టాలి, లేకపోతే కాంక్రీటులోని తడి పీల్చేస్తాయి. మేస్త్రీ తల గోక్కుంటుంటే బలవంతం చేయకండి, మామూలు స్లాబే వేయించండి.

సిమెంటు, ఇనుము దగ్గర మూడు మాటలు

పీపీసీ కొనండి. అందులో ఫ్లైయాష్ 15 నుంచి 35 శాతం దాకా ఉంటుంది, ఆ మేరకి క్లింకర్ తగ్గుతుంది. 600 బస్తాల మీద ఆరేడు టన్నుల పొగ మిగులుతుంది, ధర కూడా ఓపీసీ కన్నా ఎక్కువేమీ కాదు. ఇంత తేలిగ్గా వచ్చే లాభం ఈ ఇంటి మొత్తంలో ఇంకోటి లేదు. ఒక్కటే షరతు, అది మొదట్లో నెమ్మదిగా బలం పుంజుకుంటుంది. కాబట్టి తడపడం ఎక్కువ రోజులు, ఎండాకాలమైతే 14 రోజులు. సెంట్రింగ్ సామాను వేరే సైటుకి కావాలని ఏడో రోజే విప్పేస్తానంటే ఒప్పుకోకండి.

ఇనుము తగ్గించమని మాత్రం మేస్త్రీకి చెప్పకండి. 2024 డిసెంబరు 4న ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం ఖమ్మంలోనూ తెలిసింది, 1969లో భద్రాచలం దగ్గర అంతకన్నా పెద్దదే వచ్చింది. గోదావరి లోయ అది. కానీ అంచనాగా వేసే ఇనుము ఒక్కోచోట రెట్టింపు ఉంటుంది, కావాల్సిన జాయింట్ల దగ్గర తక్కువుంటుంది. స్ట్రక్చరల్ ఇంజినీర్‌కి ఇచ్చే ఫీజు, అనవసరపు ఇనుము తగ్గడంలోనే చాలావరకు తిరిగొస్తుంది. గదులు పెద్ద హాలు మోజులో ఇరవై అడుగుల స్పాన్‌కి పోకుండా పన్నెండు పదమూడు అడుగుల్లో ఉంచితే దూలాలూ సన్నబడతాయి.

అసలు మాటొకటి చెప్పనా? 1,500 అడుగులు ఎందుకు? ముగ్గురు మనుషులు, ఏడాదికి రెండుసార్లు వచ్చే పిల్లలు. 1,200లో సర్దుకుంటే సిమెంటు, ఇనుము, టైల్స్, పెయింటు, చివరికి ఊడ్చే శ్రమ కూడా అయిదో వంతు తగ్గుతాయి. ఏ గ్రీన్ మెటీరియలూ అంత తగ్గించలేదు.

పడమర ముఖం గురించి బెంగ వద్దు

పడమర రోడ్డని మాస్టారు కొంచెం దిగులుగానే రాశారు. నిజానికి ఆయన స్థలం మంచిది. వెడల్పు ముప్పై అడుగులే కాబట్టి పడమర, తూర్పు గోడలు పొట్టివి. పొడవు గోడలు ఉత్తరం, దక్షిణం చూస్తున్నాయి. మన అక్షాంశంలో కావాల్సిందిదే. వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. హైదరాబాద్‌లో మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ నిలువు కర్రకి మిట్టమధ్యాహ్నం నీడే పడదు. ఖమ్మంలోనూ దాదాపు అంతే. కాబట్టి దక్షిణపు గోడకి మే నెలలో పెద్ద ఎండ తగలదు, రెండడుగుల సజ్జా చాలు. దెబ్బంతా డాబా మీద, ఆ తర్వాత పొద్దున తూర్పు గోడ మీద, సాయంత్రం పడమటి గోడ మీద. సాయంత్రం ఎండ ఏటవాలుగా సజ్జా కింద నుంచి లోపలికి దూరుతుంది. పడమరకి సజ్జా పొడిగించి లాభం లేదు, నిలువు నీడ కావాలి: వసారా, జాలీ గోడ, పాకించిన తీగ, కాంపౌండులో ఒక కానుగో వేపో.

మెట్లు, స్కూటర్ పెట్టుకునే చోటు, బాత్రూమ్ పడమర వైపుకి తోసేయండి. ఎండని అవి మోస్తాయి, మనుషులు పడుకునే గదులు వెనక్కి జరుగుతాయి.

ఇక్కడే వాస్తు వస్తుంది. యజమాని పడకగది నైరుతిలో ఉండాలంటారు. నైరుతి అంటే సాయంత్రపు ఎండంతా పీల్చుకుని రాత్రి పదకొండింటిదాకా లోపలికి వదిలే మూల. నేను వాస్తు గురించి వాదించను, మీ ఇంట్లో గొడవ పెట్టను. గది అక్కడే ఉంచండి. పడమటి గోడకి కిటికీ మానేసి, గోడ పొడవునా బట్టల అల్మారా కట్టించండి. కిటికీ దక్షిణానికి పెట్టండి. అల్మారాలోని బట్టలు, గాలి కలిసి వేడికి అడ్డుపడతాయి.

కానీ అమ్మగారి గది మాత్రం నైరుతిలోనూ వద్దు, పైఅంతస్తులోనూ వద్దు. కింద, ఉత్తరం గానీ తూర్పు గానీ వైపు, పైన ఇంకో గది ఉన్న చోట ఇవ్వండి. పై గదే ఆవిడకి గొడుగు. ఈ నిర్ణయానికి పైసా ఖర్చు లేదు, దీనికి సాటి వచ్చే ఏసీ లేదు.

డాబా

మే నెల మధ్యాహ్నం నల్లబడిన కాంక్రీటు డాబా మీద చెప్పుల్లేకుండా నిలబడలేరు, 60 డిగ్రీలకి పైనే ఉంటుంది. ఆరంగుళాల ఉత్త స్లాబ్ ఆ వేడిని దాదాపు ఆపదు. కేంద్ర ప్రభుత్వం ఇళ్ల కోసం 2018లో తెచ్చిన ఎకో నివాస్ సంహిత ప్రకారం పైకప్పు యూ విలువ, అంటే వేడిని లోపలికి పంపే గుణం, 1.2 దాటకూడదు. మనం వేసే ఉత్త స్లాబ్‌ది మూడుకి పైనే ఉంటుంది. స్లాబ్ మీద వాటర్‌ప్రూఫింగ్ చేసి, దానిమీద అంగుళం మందం ఎక్స్‌పీఎస్ షీట్ పరిచి, మీద సన్నటి కాంక్రీటు, తెల్ల టైల్ వేస్తే పరిమితిలోకి వచ్చేస్తుంది. రెండంగుళాలు వేస్తే దాదాపు సగానికి పడిపోతుంది. షీట్ స్లాబ్ పైనే వేయాలి. కింద ఫాల్స్ సీలింగ్ పెట్టిస్తే స్లాబ్ ఎలాగూ కాలుతుంది, రాత్రంతా ఆ వేడి గదిలోకి దిగుతూనే ఉంటుంది.

అంత డబ్బు లేకపోతే తెల్ల కూల్ రూఫ్ పెయింటు. అదీ కష్టమైతే పగిలిన తెల్ల టైల్ ముక్కలు, లేదా ఏటా ఫాల్గుణంలో సున్నం. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 600 గజాలు, ఆపైన స్థలాల్లోని ఇళ్లకి తప్పనిసరి, మీలాంటి 200 గజాల వాళ్లకి ఐచ్ఛికం. నన్నడిగితే చిన్న ఇళ్లకే ఎక్కువ అవసరం, ఏసీ లేకుండా స్లాబ్ కింద పడుకునేది వాళ్లే కదా. అనంతపురం, కర్నూలు వైపు చౌడు మిద్దెల మీద జానెడు మందాన మట్టి ఎందుకు పోసేవారో ఆ మిద్దె కింద ఒక మధ్యాహ్నం కునుకు తీసినవాళ్లకి చెప్పక్కర్లేదు.

గోడలకి పాల్వంచ థర్మల్ బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలు మీకు దగ్గర్లోనే దొరుకుతాయి. వాటిని బట్టీలో కాల్చరు కాబట్టి పొగ తక్కువ, కానీ వేడిని ఎర్ర ఇటుక కన్నా బాగా ఆపుతాయనుకోవద్దు. వేడిని ఆపేది ఏఏసీ బ్లాకు. అందువల్ల పడమటి గోడకీ, పైఅంతస్తుకీ ఏఏసీ, మిగతాచోట ఫ్లైయాష్ వాడితే డబ్బు సరిగ్గా ఖర్చు పెట్టినట్టు. రెండూ కలిసేచోట పిల్లర్ ఉండేలా చూసుకుని, ప్లాస్టరింగ్ ముందు మెష్ కొట్టించండి, లేకపోతే బీటలు వస్తాయి. ఏఏసీ గోడలో మామూలు మేకు నిలవదని ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి.

కిటికీలు: నేల విస్తీర్ణంలో ఎనిమిదో వంతు, అంటే పన్నెండున్నర శాతం, తెరుచుకునే ఖాళీ ఉండాలని అదే సంహిత మన తెలంగాణ లాంటి వాతావరణానికి చెబుతోంది. తెరుచుకునే ఖాళీ అన్నమాట గుర్తుపెట్టుకోండి. అందరూ పెట్టిస్తున్న స్లైడింగ్ కిటికీ ఎంత తీసినా సగమే తెరుచుకుంటుంది. రెక్కల కిటికీ పెట్టించి, లోపలివైపు దోమల మెష్ వేయించండి. మెట్ల గది పైన ఎదురెదురుగా రెండు వెంటిలేటర్లు వదిలితే వేడిగాలి పైకి పోతుంది. ఇది మన మండువా చేసిన పనే, చిన్న స్థలంలో.

లోపల ఏం పెడతాం

ఇంత చేసినా వడగాడ్పుల రోజుల్లో గది 40 డిగ్రీలకి దగ్గరయితే ఫ్యాన్ ఒక్కటే 84 ఏళ్ల మనిషిని కాపాడలేదు. అమ్మగారి గదిలో ఒక టన్ను అయిదు స్టార్ల ఇన్వర్టర్ ఏసీ పెట్టండి, సంకోచించకండి. పర్యావరణం పేరుతో ముసలివాళ్లని ఉడికించడం ఎవరూ చెప్పని నీతి. 26 మీద పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా తిప్పితే చాలు. ఒక్కో డిగ్రీ పెంచితే ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ చెబుతోంది. కొనేటప్పుడు గ్యాస్ ఏదని అడగండి. ఆర్32 ఒక కిలో లీకైతే 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానం. పాత ఆర్410ఏ అయితే 2,088. ఆర్290 అయితే లెక్కలోకే రాదు. ఏసీ విప్పేటప్పుడు గ్యాస్‌ని గాల్లోకి వదిలేయడం మన మెకానిక్‌లకి అలవాటు. ముందు యూనిట్‌లోకి లాగి, వాల్వులు బిగించి విప్పమనండి.

ఫ్యాన్లు బీఎల్‌డీసీవి కొనండి. పాతవి 75 వాట్లు, ఇవి ముప్పై చిల్లర. మన ఇళ్లలో ఫ్యాన్ ఏడాదికి తొమ్మిది నెలలు ఆగదు కాబట్టి, ఎల్ఈడీ బల్బుల తర్వాత త్వరగా డబ్బు తిరిగొచ్చేది ఇదే.

గ్యాస్ పొయ్యి సంగతి. 14.2 కిలోల సిలిండర్ ఒకటి కాలిస్తే 42 కిలోల దాకా కార్బన్ డయాక్సైడ్. ఏడాదికి ఎనిమిదయితే మూడో వంతు టన్ను. సోలార్ ఉన్న ఇంట్లో పగటి వంట ఇండక్షన్ మీదకి మారిస్తే ఇది దాదాపు పోతుంది. అడుగు చదునుగా ఉన్న ఇనుప దోసెల పెనం దానిమీద బాగా పనిచేస్తుంది. అల్యూమినియం కుక్కర్ పనిచేయదు. పుల్కాలు పొంగడానికి మంటే కావాలని ఇంట్లో పట్టుబడితే ఒక సిలిండర్ ఉంచుకోండి, కొంప మునగదు. వంటింట్లో 16 ఆంపుల సాకెట్లు రెండు, విడి వైరుతో, ఇప్పుడే వేయించండి.

చివరికి సోలార్

మూడు కిలోవాట్లు చాలు. రోజుకి పన్నెండు యూనిట్లు, నెలకి 360 దాకా వస్తాయి. 540 వాట్ల పలకలు ఆరు, నీడ పడని 300 చదరపు అడుగుల చోటు కావాలి. దక్షిణం చూస్తూ 15, 17 డిగ్రీల వాలుతో. వాటర్ ట్యాంకు, మెట్ల గది ఉత్తరం వైపు కట్టించండి, నీడ పలకల మీద పడదు. వాస్తు వాళ్లు ఈశాన్యంలో బరువు వద్దంటారు, సరే, వాయవ్యంలో పెట్టుకోండి. పలకల్ని నేలబారుగా కాకుండా ఎనిమిదడుగుల ఎత్తు స్టాండు మీద వేస్తే కింద స్లాబ్‌కి నీడ, బట్టలు ఆరేసుకోవడానికి చోటు. స్టాండు కాళ్లకి కావాల్సిన ఇనుప ప్లేట్లు స్లాబ్ పోసే రోజే బిగించాలి. తర్వాత డ్రిల్ పెడితే వాటర్‌ప్రూఫింగ్ పాడవుతుంది.

2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద రెండు కిలోవాట్లకి 60 వేలు, మూడు, ఆపైన ఎంతైనా 78 వేల సబ్సిడీ. పలకలు మన దేశంలో తయారైనవే ఉండాలి. నెట్ మీటర్ ఎన్‌పీడీసీఎల్ పెడుతుంది. ఒక సంగతి ఎవరూ ముందు చెప్పరు: గ్రిడ్‌కి కలిపిన మామూలు సోలార్, కరెంటు పోతే తానూ ఆగిపోతుంది, లైన్ మీద పనిచేసే మనిషికి షాక్ కొట్టకుండా. మండుటెండలో పలకలుండీ ఫ్యాన్ తిరగదు. అమ్మగారి గదికి ఫ్యాన్, ఒక లైటు నడిచేలా చిన్న బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్ తీసుకోండి, లేదా ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్‌నే ఆ గదికి వదిలేయండి.

ఇక డబ్బు. అంచనా పెరగడం ఖాయం, ఏదో ఒకటి వదలాల్సి వస్తుంది. ఫాల్స్ సీలింగ్, ఎలివేషన్‌కి అద్దాలు, గ్రానైట్, మాడ్యులర్ కిచెన్ ముందు వదలండి. ఇంకా సరిపోకపోతే సోలార్‌ని రెండేళ్లు ఆపండి, పైపులు, ప్లేట్లు మాత్రం పెట్టి ఉంచండి. పలకలు ఎప్పుడైనా బిగించుకోవచ్చు. డాబా మీద షీట్, పడమటి గోడ, రెక్కల కిటికీలు, అమ్మగారి గది ఉన్న మూల, ఈ నాలుగూ తర్వాత మార్చలేరు. వాటి దగ్గర పైసా తగ్గించొద్దు మాస్టారూ. స్లాబ్ డ్రాయింగ్ వచ్చాక పంపండి, మేస్త్రీకి అడ్వాన్స్ ఇచ్చేలోపే.